ఒంటి చెప్పుల ఊరికి వెళ్లి వచ్చాను

ఆర్మూరు వెళ్లి వచ్చాక నా తెల్లచొక్కా తెల్లగా లేదు. మూడుసార్లు ఉతికి మా ఆవిడ చేతులెత్తేసింది. "మన పెళ్లిలో కూడా మీకింత పసుపు పూయలేదు" అంది. చొక్కా సంగతి సరే, రెండు చెప్పులతో వెళ్లినవాణ్ణి ఒకే చెప్పుతో ఇంటికొచ్చాను. రెండోది ఏమైందని మా వీధిలో అడగనివాళ్లు లేరు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక అందరికీ కలిపి ఇలా రాస్తున్నాను.

నేను ఆరోగ్యశాఖలో జననమరణాల లెక్కలు చూసే గుమాస్తాను. చిన్నప్పటినుంచీ నన్నెవరూ లెక్కచెయ్యలేదు. అందుకే కాబోలు, లెక్కలు చేసే పని దొరికింది. నేను ఎవరినీ పుట్టించలేను, ఎవరి చావునూ ఆపలేను. కూడగలను, అంతే.

కిందటేడు పైనుంచి ఒక కొత్త ఫారం వచ్చింది. ఊళ్లలో మనుషులు తమ ప్రాణం తామే తీసుకోవడం పోలీసుల వ్యవహారం మాత్రమే కాదనీ, మలేరియాలాగా, మశూచిలాగా అది కూడా ప్రజల ఆరోగ్యానికి సంబంధించిన విషయమేననీ ఎవరో పెద్దాయనకు తోచింది. మంచి ఆలోచనే. మంచి ఆలోచన వచ్చినప్పుడు మా ఆఫీసులో మొదట పుట్టేది ఫారం. అందులో ఒక గడిలో అంకె వెయ్యాలి. పక్క గడిలో 'నివారణకు తీసుకున్న చర్యలు' రాయాలి. ఊళ్ల పోలీసు పటేళ్లు మొదటి గడిలో అంకె వేసి రెండోదాన్ని ఖాళీగా వదిలేశారు. ఆర్మూరు తాలూకాలో ఒక పటేలు మాత్రం అంకెను వదిలేసి రెండో గడిలో ఇలా రాశాడు: "దినాం చెప్పులు చూస్తున్నం. తాళం లక్ష్మవ్వ తాన ఉన్నది."

మా సూపరింటెండెంటు గారు దాన్ని రెండుసార్లు చదివారు. "ఏమిటయ్యా ఇది? ప్రభుత్వం మర్యాదగా ప్రశ్న అడిగితే చెప్పులు చూపిస్తారా?" అన్నారు.

"చూపిస్తున్నాం అనలేదండీ, చూస్తున్నాం అన్నాడు."

"ఎవరి చెప్పులు? ఎందుకు చూడ్డం? వెళ్లి కనుక్కురండి."

అలా బయల్దేరాను.

ఆర్మూరు

నిజామాబాదు దాకా రైలు, అక్కణ్ణించి బస్సు. బస్సు దిగకముందే ఊరు నా ముక్కుకు తగిలింది. దిగగానే ఏడు తుమ్ములు తుమ్మాను. పక్కన గుట్టమీద బండరాళ్లను ఎవరో ఒకదానిమీద ఒకటి సర్దిపెట్టి, ఎందుకు సర్దారో మరిచిపోయి వెళ్లినట్టుంటాయి. గుట్ట కింద ఎటు చూసినా పసుపే. కుప్పలు పసుపు, గోనెసంచులు పసుపు, ఎద్దుల కొమ్ములు పసుపు. దారికి అడ్డంగా పడుకున్న కుక్క కూడా పెళ్లిపీటల మీదినుంచి లేచి వచ్చినట్టుంది.

మా కృష్ణాజిల్లాలో పసుపంటే పొట్లంలో వచ్చే వస్తువు. ఇక్కడ మనుషులు దానిమీద కూర్చుంటారు, దానిమీదే నడుం వాలుస్తారు. బేరం చూడముచ్చటగా ఉంటుంది. కొనేవాడూ, రైతు తరఫున అమ్మిపెట్టే ఆడ్తిదారూ ఒక రుమాలు కింద చేతులు కలిపి, వేళ్లు నొక్కి ధర చెప్పుకుంటారు. పైకి మొహాలు మాత్రం వాన గురించి మాట్లాడుకుంటున్నట్టు ఉంటాయి. మా ఆఫీసులో రహస్యమంటే, అందరికీ చెప్పి ఎవరికీ చెప్పొద్దనడం. వీళ్ల దగ్గర నేర్చుకోవలసింది చాలా ఉందనిపించింది.

ఆకలేసి హోటల్లో దూరి కాఫీ అడిగాను.

"కాఫీ లేదు సారూ. చాయ్ ఉన్నది, మంచి చాయ్ ఉన్నది" అన్నాడు హోటలాయన.

"తేడా ఏమిటండీ?"

"మంచి చాయ్‌ల పాలుంటయి."

మంచి చాయ్ రెండణాలు. కొత్త పైసలొచ్చి ఇన్నేళ్లయినా ఇక్కడ నోటికి అణాలే వస్తాయి. చాయ్ నిజంగానే మంచిది. దాంతోపాటు జొన్నరొట్టె, వంకాయకూర తిన్నాను. రొట్టె తినడం రానివాణ్ణని నా నమిలే తీరు చూసి ఆయనకు అర్థమైంది. అడక్కుండానే ఇంకాస్త కూర వేశాడు.

ఫారంలో చెప్పుల సంగతి రాసిన పటేలు, తన ఊరికి నన్ను తీసుకెళ్లడానికి ఒక బండిని పంపాడు. పసుపు అమ్మి ఖాళీబండితో తిరిగి వెళ్తున్న రైతు, రాజన్న. ముప్ఫై ఏళ్లుంటాయి. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. సూటిగా నా దగ్గరికే వచ్చాడు.

"హైద్రాబాదు సారు మీరే గదా?"

"ఎలా గుర్తుపట్టావు?"

"తుమ్ముతున్నరు గదా."

బండి మీద

నందిపేట వైపు దారి. ఆ ఊరి పేరు మాత్రం రాయను. మనుషుల పేర్లు కూడా మార్చాను. ఎందుకో ముందుకు పోతే మీకే తెలుస్తుంది.

రాజన్న మొదట్లో బాగానే మాట్లాడాడు. ఎద్దుల పేర్లు చెప్పాడు. పసుపు తవ్వడం కన్నా ఉడకబెట్టడమే కష్టమన్నాడు. కడాయి కింద మంట ఒక్కసారి తగ్గినా పెరిగినా తొమ్మిది నెలల కష్టం పాడైపోతుందట. ఉడికే కడాయిని విడిచి ఇంట్లో పెళ్లయినా పోరట.

"మరి మీరేం పనిమీదొచ్చిండ్రు సారూ?"

నేను సర్దుకుని కూర్చున్నాను. ఆఫీసులో నన్నెవరూ అడగని ప్రశ్న అది. "ఆత్మహత్యల లెక్క తీయడానికి ప్రభుత్వం పంపింది" అన్నాను, ప్రభుత్వం నన్ను సంప్రదించకుండా ఏ పనీ చెయ్యదన్నట్టు.

ఆ తర్వాత రెండు మైళ్లూ బండిచక్రాలు మాత్రమే మాట్లాడాయి. నా హోదా చూసి జంకాడనుకున్నాను. నా జీవితంలో నన్ను చూసి జంకిన మొదటి మనిషని లోపల కొంచెం మురిసిపోయాను కూడా. ఆ మురిపెం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఊరు

మర్నాడు పొద్దున ఊరంతా ఆవిరి. వాకిళ్ల ముందు పెద్దపెద్ద కడాయిల్లో పసుపు ఉడుకుతోంది. అది చూస్తూ నడుస్తుంటే ఎదురుగా ఒక రైతు వచ్చాడు. చేతిలో చిన్న రేకుడబ్బా, ఒక కాలికి చెప్పు, రెండోకాలు బోసి. అయ్యో అనిపించింది.

"చెప్పు పోయిందా బాబూ?"

"పోలే సారూ, అవ్వ తాన ఉన్నది" అని అతను ముందుకు సాగాడు. కడాయి దగ్గర ఊరికే నిలబడ్డ మరొకాయన, ఎవరూ పిలవకుండానే, అతని వెంట నడవడం మొదలుపెట్టాడు.

అవ్వ ఎవరో చూద్దామని వెళ్లాను. లక్ష్మవ్వది ఉప్పు, మిరపకాయలు, కిరసనాయిలు అమ్మే చిన్న దుకాణం. అరవై ఏళ్ల మనిషి. దుకాణంలో ఓ మూల ఇనుప సందుగ, దానికి పిడికిలంత తాళం. తాళంచెవి ఆమె మెడలో ఉంది. సందుగ పక్కన వరసగా ఒంటి చెప్పులు. ఆ రోజు నాలుగున్నాయి. పోలీసు పటేలు అక్కడే స్టూలుమీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు.

"నమస్కారం లక్ష్మవ్వగారూ" అన్నాను.

"గారు గీరు ఏంది? అవ్వ అను. తిన్నవా?"

"తిన్నానండీ."

"ఏం దిన్నవ్?"

"జొన్నరొట్టె."

"ఎన్ని?"

"ఒకటిన్నర."

"సగమెందుకు ఇడిచినవ్? ఇంట్ల ఏమన్న గొడవున్నదా?"

ఉద్యోగంలో చేరేటప్పుడు కూడా నన్నిన్ని ప్రశ్నలు అడగలేదు. పటేలు నవ్వాడు. "గందుకే సారూ, తాళం అవ్వకిచ్చినం. ఊరందర్ల నోరు గల్లమనిషి. ఆమెకు జవాబు చెప్పకుంట ఎవ్వడు డబ్బ తీస్కపోలేడు."

"నా నోరు లేకుంటె నీ ఊరు ఏడ ఉండెడిది?" అంది లక్ష్మవ్వ.

అప్పుడు పటేలు అసలు సంగతి చెప్పాడు. రెండేళ్ల కింద ఆ ఊరికి పురుగుమందు కొత్తగా వచ్చింది. బ్లాకు ఆఫీసువాళ్లు పంపారు. మిరపకు మంచిదన్నారు. ఇంటింటా ఉప్పుడబ్బా పక్కన పెట్టుకున్నారు.

"ఒక పోరడు తాగిండు సారూ. నసీబు మంచిగుండి తొందరగ చూసినం. ఆర్మూరు దవాఖానకు బండి కట్టుకోని ఉరికినం. బతికిండు."

"మరి రిపోర్టు రాశారా?"

పటేలు చుట్ట ఆర్పాడు. "రాయలె. రాస్తె పోలీసులొచ్చి వాణ్ణి తీస్కపోతరు. సచ్చినోని మీద కేసు లేదు. బతికినోని మీద కేసున్నది. గిదేం కానూను సారూ?"

చట్టం అలాగే ఉంది. చావబోయి బతికినవాడు నేరస్థుడు.

"గందుకే గా గడిల అంకె ఎయ్యలె" అన్నాడు.

"ఆ గడి ఖాళీగా ఉంటే పైవాళ్లు అడుగుతారు కదా?"

"దొర పోయినకాడికెల్లి మా ఊరి గడీ గూడ ఖాళీనే ఉన్నది. ఎవ్వలడిగిండ్రు?"

అక్కడ దొర ఉండే కోటను గడీ అంటారు. కాగితం తీసి వాళ్ల పద్ధతి రాసుకున్నాను. ఊళ్లోని మందంతా సందుగలోనే ఉంటుంది. కావలసినవాడు వచ్చి ఆ పూటకు సరిపడా డబ్బాలో పోయించుకుంటాడు. తినకుండా వచ్చినవాడికి సందుగ తెరవదు, ముందు అవ్వ కడుపుకింత జొన్నగటక పెడుతుంది. మొహం బాగాలేనివాణ్ణి రేపు రమ్మంటుంది. తీసుకెళ్లేవాడు ఒక చెప్పు అక్కడ విడవాలి. దీపాలు పెట్టేలోపు డబ్బా తెచ్చిచ్చి చెప్పు తీసుకోవాలి. దీపాలవేళ కూడా ఎవరి చెప్పయినా మిగిలిందంటే లక్ష్మవ్వ ఇత్తడిపళ్లెం మోగిస్తుంది. అది వింటే ఎవరు ఏ పనిలో ఉన్నా వదిలి వెతకడానికి రావాలి.

"ఒక్క చెప్పే ఎందుకవ్వా?"

"రెండు ఇడిస్తె కొత్తయి కొనుక్కుంటరు. ఒక్కటైతె తప్పకుంట వస్తరు. ఇంగొకటి, ఒంటి చెప్పుతోని నడిస్తె ఊరందరికి కనబడ్తది. వాని ఎంబడి ఎవలో ఒకలు పోవాలె. ఎంబడి పోయినోడు ఎంబడి రావాలె. గది కట్టు."

ఆ చివరి వాక్యాన్ని కూడా రాసుకున్నాను. రాసుకోవడం ఒకటి, గుర్తుంచుకోవడం ఒకటి.

మిరపతోట

మధ్యాహ్నం రాజన్న వచ్చాడు. చెప్పు విడిచాడు. అందరినీ అడిగినట్టే అతన్నీ అడిగింది లక్ష్మవ్వ. జవాబులు విన్నాక మాత్రం ఇంకాస్సేపు మొహంలోకి చూసి గానీ తాళం తియ్యలేదు.

"నేను వెళ్తాను అతని వెంట" అన్నాను, పద్ధతి దగ్గరుండి చూసినట్టుంటుందని.

"నువ్వా?" అని నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "సరే పో. ఎంబడి పోయినోడు ఎంబడి రావాలె, యాదిపెట్టుకో."

రాజన్న మిరపతోటలో మందు కొడుతున్నంతసేపూ నన్ను గాలికి అవతలివైపు నిలబెట్టాడు. పని అయ్యాక కాలువలో మోచేతుల దాకా కడుక్కుని, గట్టుమీద నాకు కాస్త దూరంగా కూర్చున్నాడు.

"సారూ, గా పోరణ్ణి నేనే."

పటేలు చెప్పిన ఆ పోరడు ఇతనేనని అర్థమయ్యేసరికి నాకు కొంచెం సమయం పట్టింది.

"ఎందుకు చేసినవని అందరడిగిండ్రు. ఇంట్ల అన్నతోని మాట మాట వచ్చింది, గంతే. గంత చిన్నదానికి ఎందుకు చేసిన్నో నాకే సమజ్ గాలె. గా గడియ గట్లనిపిచ్చింది. జర సేపు ఆగితె అనిపియ్యకపోవు. మందు చేతికందే తాన ఉండె." తడిచేతులు కండువాకు తుడుచుకున్నాడు. "ఇప్పుడు మంచిగనే ఉన్న. అన్నతోని మాట్లాడుతున్న. మొన్న పిల్లకు పేరు పెట్టినం. ఇప్పుడు మీరొచ్చిండ్రు. నా పేరు రాస్తరా సారూ? పోలీసులొస్తె ఊరంతటి ముంగట మల్ల తలెత్తుకోలేను."

'రాయను' అనాలి. మూడే అక్షరాలు. కానీ పదిహేనేళ్లుగా కుర్చీలో కూర్చుని ఎవరు ఏమడిగినా నా నోటివెంట వచ్చే మాట ఒక్కటే. అదే వచ్చింది.

"చూద్దాం" అన్నాను.

అందులో నా ఉద్దేశం ఏమీ లేదు. ఆ మాటలో ఎప్పుడూ ఏమీ ఉండదు, అందుకే ఆఫీసుల్లో అది అంత చెల్లుతుంది. రాజన్న తలూపాడు. "నేను వరిమడికి నీళ్లు మలిపి వస్త. మీరు నడువుండ్రి. డబ్బ అవ్వకియ్యుండ్రి" అన్నాడు. డబ్బాను గుడ్డలో చుట్టి నా సంచిలో వేసుకుని, నేనొక్కణ్ణే తిరిగి వచ్చాను.

దుకాణానికి వెళ్తే లక్ష్మవ్వ లేదు, నీళ్లకు పోయిందన్నారు. వచ్చాక ఇద్దాంలే అని పటేలు ఇంటికి పోయాను. వాళ్లావిడ ఉడకబెట్టిన మక్కకంకులు పెట్టింది. మూడు తిన్నాను. వాకిట్లో మంచం కనిపించింది. నడిచిన కాళ్లు కదా, కాస్త వాల్చాను.

దీపాలవేళ

పళ్లెం మోతకు మెలకువ వచ్చింది. దేవుడి గంట అలా మోగదు. ఆగకుండా, ఊపిరి తీసుకోకుండా మోగుతోంది. పటేలు తలపాగా లేకుండా బయటికి పరుగెత్తుతున్నాడు.

"ఏమిటి పటేలుగారూ?"

"రాజన్న చెప్పున్నది సారూ! డబ్బ రాలె!"

నా చెవుల్లో ఒకటే మాట మోగింది, నేనన్న 'చూద్దాం'. ఇంకేమీ తోచలేదు. గుమాస్తా అలవాటుకొద్దీ సంచి భుజానికి తగిలించుకుని వాళ్లవెంట పరుగెత్తాను. దారిపొడుగునా ఉడికే కడాయిలు వదిలేసి ఉన్నాయి. పెళ్లయినా పోరన్నాడే, ఆ కడాయిలు. మనుషులంతా పొలాలవైపు పోతున్నారు. అందరికన్నా ముందు, చేతిలో పళ్లెంతో, చీర మోకాళ్లమీదికి ఎగదోపి లక్ష్మవ్వ.

ఊరు దాటాక నా చెప్పు తోలు తెగింది. తీసి చేతిలో పట్టుకున్నాను. పరుగెత్తినకొద్దీ నడుముకు ఏదో గట్టిగా తగులుతోంది. నాలుగోసారి తగిలినప్పుడు అదేమిటో గుర్తొచ్చింది.

డబ్బా!

"ఆగండి! డబ్బా నా దగ్గరుంది!" అని అరవాలనుకున్నాను. కుర్చీలో అరిగిపోయిన ఊపిరితిత్తులు. గొంతులోంచి గాలి తప్ప ఇంకేం రాలేదు. ఒక చేతిలో డబ్బా, ఒక చేతిలో చెప్పు పైకెత్తి వెనకాల పరుగెత్తుతున్నాను. ఒక్కరూ వెనక్కి తిరగరు. తిరిగి ఉంటే ఆత్మహత్యల సంగతి మరిచి, ప్రభుత్వానికి పిచ్చెక్కిందనుకునేవారు.

అయినా నాకు ఊరట కలగలేదు. డబ్బా నా దగ్గరుంది నిజమే. ఆ 'చూద్దాం' అతని దగ్గరుంది కదా. పొలాల్లో ఎన్ని బావులున్నాయో మధ్యాహ్నమే చూశాను.

వరిమళ్ల మలుపు దగ్గర ముందున్నవాళ్లు టక్కున ఆగారు. పళ్లెం కూడా ఆగింది. ఎదురుగా, గట్టుమీద, పార భుజాన వేసుకుని, ఒంటి చెప్పుతో, మాకన్నా వేగంగా ఎవరో పరుగెత్తుకొస్తున్నారు. దగ్గరికొచ్చి రొప్పుతూ అడిగాడు:

"ఎవనిది? అవ్వా, ఎవని డబ్బ రాలె?"

రాజన్న!

పళ్లెం మోత విని, కట్టు ప్రకారం పని వదిలి, వెతకడానికి వస్తున్నాడు. వెతకవలసింది తననేనని తెలియదు.

లక్ష్మవ్వ వెళ్లి అతని వీపుమీద ఒక్కటి చరిచింది. "నీదే బద్మాష్! నీదే! ఏది డబ్బ?"

"సారు తానున్నది గదా?"

ఊరు ఊరంతా ఒక్కసారిగా వెనక్కి తిరిగింది. ఒక చేతిలో డబ్బా, ఒక చేతిలో తెగిన చెప్పు ఎత్తిపట్టుకుని నేను నిలబడి ఉన్నాను. ముందుగా ఎవరు నవ్వారో తెలియదు. పటేలనుకుంటా. తర్వాత అందరూ. అది వెక్కిరింపు నవ్వు కాదు, గుండెలమీద బరువు దిగాక వచ్చే నవ్వు. ఒకాయన గట్టుమీద కూలబడి కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. ఆయన రాజన్నకు అన్న అని తర్వాత తెలిసింది.

రాజన్న ఆ మనుషులందరినీ ఒకసారి చూశాడు. "నా కోసమే ఉరికొచ్చిండ్రా అందరు?"

"నీ కోసం ఎవడు ఉరికిండ్రా? డబ్బ కోసం ఉరికినం. పోతె బ్లాకు ఆఫీసుల ఎవలు జవాబు చెప్పాలె?" అంది లక్ష్మవ్వ. అంటూనే అతని మణికట్టు పట్టుకుంది. ఇల్లు చేరేదాకా వదల్లేదు.

నేను వాళ్లను అందుకుని, ఊపిరి కూడదీసుకుని చెప్పాను: "రాజన్నా, రాయను."

"ఏంది సారూ?"

"నీ పేరు. చూద్దాం కాదు. రాయను."

"గా ముచ్చట గప్పుడే చెప్తె అయిపోవు గదా సారూ" అన్నాడు. "గట్టుమీద కూసోని మస్తుసేపు గదే సోచాయించిన. నీళ్లు గూడ పక్క మడికి పోయినయి. గింతల పళ్లెం ఇనబడ్డది. ఎవలకు ఏమైందోనని లేచిన."

లక్ష్మవ్వ నావైపు తిరిగింది. ఆ తిట్లన్నీ ఇక్కడ రాయను, కొన్నిటికి అర్థం కూడా తెలియదు. చివర చెయ్యి చాపి, "గా చెప్పియ్యి" అంది.

"తెగిపోయింది అవ్వా."

"తెగినా సరే. ఎంబడి పోయినోనివి ఎంబడి రాలె. పేరు రాయనన్నవు గదా, గా మాట నిలబెట్టినవని కాయిదం పంపు. అప్పుడు పంపుత."

ఇచ్చేశాను. ఆ సాయంత్రం సందుగ పక్కన రాజన్న చెప్పు లేచింది, నాది కూర్చుంది.

తిరుగుదారి

మర్నాడు బండి మళ్లీ రాజన్నదే. ఎక్కేముందు లక్ష్మవ్వ నా సంచి విప్పించి, ఊరందరి ముందు గుడ్డలతో సహా దులిపి చూసి, "పో" అంది. అందులో రెండు గుప్పిళ్లు పసుపుకొమ్ములు వేసి మరీ మూతికట్టింది.

ఆర్మూరు బస్సు దగ్గర రాజన్న అన్నాడు, "సారూ, మీ కాయిదంల సచ్చినోళ్లకు గడి ఉన్నది. బతికినోళ్లకు ఉన్నదా?"

సంచిలోంచి ఫారం తీసి చూశాను. లేదు.

"ఉంటె మంచిగుండు" అని ఎద్దులను మళ్లించాడు.

రైల్లో నా ఒంటి చెప్పు చూసి ఒక పెద్దాయన జాలిపడి జరిగి చోటిచ్చాడు. రెండు చెప్పులతో అంత గౌరవం ఎప్పుడూ పొందలేదు.

మళ్లీ హైదరాబాదు

ఫారంలో స్కేలు పెట్టి నేనే ఒక గడి గీశాను. పైన 'బతికినవారు' అని రాశాను. అందులో అంకె ఒక్కటే, పేరు లేదు, ఊరు లేదు. పద్ధతినంతా వేరే కాగితంలో వివరంగా రాసి, మందు మనిషికి చేరువలో ఉండకూడదనీ, మనిషికి మనిషి చేరువలో ఉండాలనీ, ఇది ఏ ఊళ్లోనైనా చెయ్యదగ్గ పనేననీ చివర చేర్చాను.

సూపరింటెండెంటు గారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు. "బాగుంది. కానీ పైకి వెళ్లే కాగితంలో చెప్పులు అంటే బాగుండదు. పాదరక్షలు అని మార్చండి" అన్నారు. కొత్త గడిని మాత్రం కొట్టెయ్యలేదు. కాగితం పైకి వెళ్లింది. అక్కడేమవుతుందో నాకు తెలియదు. అడిగితే ఏమంటారో తెలుసు గనక అడగలేదు.

నకలు ఒకటి పటేలుకు పంపాను. పోయిన వారం ఒక పార్సెలు వచ్చింది. లోపల నా చెప్పు. కొత్త తోలుతో కుట్టి ఉంది, అంచులదాకా పసుపు. పటేలు ఉత్తరం చిన్నదే: "కాయిదం అవ్వకు చదివి వినిపిచ్చిన. పాదరక్షలంటె ఏందని అడిగింది. తోలు రాజన్న ఏపిచ్చిండు. మీరు పోయినంక పళ్లెం మోగలె."

ఇప్పుడు ఒక కాలు ఇంకా పెళ్లికానట్టు, ఒక కాలు పెళ్లి చేసుకున్నట్టు ఆఫీసుకు పోతున్నాను. కొత్త జత కొనమని మా ఆవిడ అంటోంది. కొనను.

అలవాటొకటి మాత్రం అంటుకుంది. సాయంత్రం దీపం పెట్టేవేళ మా గుమ్మం దగ్గర ఒక్క నిమిషం నిలబడుతున్నాను. మా ఇంట్లో నలుగురం. చెప్పులు ఎనిమిది ఉండాలి. కూడడం నాకు వచ్చిన ఒకే ఒక్క పని కదా. ఎనిమిదీ ఉంటే తలుపు దగ్గరికి వేసి లోపలికి పోతున్నాను.